ఎనిమిది బైట్లు

2021 ఏప్రిల్ నెలాఖరున జర్మనీలోని సీఎం4ఆల్ అనే వెబ్ హోస్టింగ్ కంపెనీకి ఒక ఖాతాదారు నుంచి ఫిర్యాదు వచ్చింది. తన సైటుకు ఎవరెవరు వచ్చిపోయారో చెప్పే లాగ్ ఫైలును డౌన్‌లోడ్ చేసుకుంటే అది విప్పుకోవడం లేదని దాని సారాంశం. కంపెనీలో పనిచేసే మాక్స్ కెల్లర్‌మాన్ అనే ప్రోగ్రామర్ ఫైలు తెరిచి చూశాడు. లోపలి సమాచారమంతా చెక్కుచెదరకుండా ఉంది. చివర ఉండే సరిచూపు అంకె ఒక్కటే తప్పు. ఆ అంకెను చేత్తో సరిదిద్ది, ఫిర్యాదుకు ముగింపు రాసి, వేరే పనిలో పడ్డాడు.

కొన్ని నెలలకు మళ్లీ అదే ఫిర్యాదు. ఆ తర్వాత ఇంకోసారి. ప్రతిసారీ చెడింది అదే చోటు.

సర్వర్లు నడిపే ఆఫీసుల్లో ఇలాంటి చిల్లర తప్పులకు కొదవుండదు. డిస్కు పాతబడిందనో, మెమరీ చిప్పు మొరాయించిందనో అనుకుని జనం ముందుకు సాగిపోతారు. కెల్లర్‌మాన్ అలా వదిలిపెట్టలేదు. అతని మొండితనం వల్లే పది నెలల తర్వాత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ చరిత్రలోని పెద్ద లొసుగుల్లో ఒకటి బయటపడింది. దానికి అతను పెట్టిన పేరు ‘డర్టీ పైప్’. అధికారిక జాబితాలో దాని సంఖ్య సీవీఈ-2022-0847.

ముందుగా ఆ లాగ్ ఫైళ్ల సంగతి. ఏ రోజు లాగ్‌ను ఆ రోజు జీజిప్ పద్ధతిలో కుదించి దాచేవారు. జీజిప్ ఫైలు చివర 8 బైట్లుంటాయి. నాలుగు బైట్లు సరిచూపు అంకెకు, నాలుగు అసలు ఫైలు పొడవుకు. ఖాతాదారు నెల మొత్తం లాగ్ కావాలంటే రోజువారీ ఫైళ్లను వరసగా అతికించి ఇస్తే చాలు. అయితే విండోస్ వాడేవాళ్లకు జీజిప్‌తో ఇబ్బంది గనుక, వారి కోసం వెబ్ సర్వీసు అప్పటికప్పుడు జిప్ ఫైలు తయారుచేసి పంపేది. కుదించిన దత్తాంశాన్ని మళ్లీ విప్పి కుదించనక్కర్లేదు. ముందొక జిప్ శీర్షిక రాసి, నడుమ రోజువారీ ఫైళ్ల సరుకును దింపి, చివర జిప్ విషయసూచిక రాస్తే సరిపోతుంది. జీజిప్ తోకలోని 8 బైట్లు జిప్‌కు అక్కర్లేదు కాబట్టి వాటిని వదిలేసేవారు.

2022 మొదట్లో కెల్లర్‌మాన్ సర్వర్లన్నీ జల్లెడ పట్టాడు. గడిచిన మూడు నెలల్లో పాడైన ఫైళ్లు 37 దొరికాయి. తేదీల ప్రకారం పేర్చి చూస్తే నెల చివరి రోజుల దగ్గర కుప్పపడ్డాయి. నవంబర్ 30న ఏడు, డిసెంబర్ 31న ఆరు, జనవరి 31న ఎనిమిది. పాతబడ్డ మెమరీ చిప్పుకు క్యాలెండర్ తెలియదు కదా! ఆపై చెడిన 8 బైట్లను పరీక్షించాడు. అన్ని ఫైళ్లలోనూ అవే అక్షరాలు. మొదటి రెండూ ‘పీ’, ‘కే’. అవి జిప్ పద్ధతిని కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. జిప్ ఫైలులో ప్రతి శీర్షికా వాటితోనే మొదలవుతుంది. తర్వాతి రెండు బైట్లు 01, 02. అంటే అది జిప్ విషయసూచిక మొదలు.

దొంగ ఎవరో తెలిసినట్టే ఉంది. నెల జిప్‌లో ఆఖరి రోజు ఫైలు సరుకు అయిపోగానే రాసేది విషయసూచికే. అదే పోయి ఆ రోజు ఫైలు తోక మీద పడుతోంది. కానీ ఒక చిక్కుంది. జిప్ తయారుచేసే ప్రోగ్రాముకు ఆ లాగ్ ఫైళ్లను చదివే అనుమతి తప్ప రాసే అనుమతి లేదు. దానిలో ఎన్ని తప్పులున్నా, అది కావాలని ప్రయత్నించినా ఆ ఫైళ్లలో ఒక్క అక్షరం మార్చలేదు. మార్చనివ్వకుండా చూసే బాధ్యత కెర్నెల్‌ది.

తన ప్రోగ్రాము తప్పుకు కెర్నెల్‌ను నిందించడం ప్రోగ్రామర్లలో కొంచెం నామోషీ వ్యవహారం. నూటికి తొంభై తొమ్మిది సార్లు తప్పు నిందించినవాడిదే అవుతుంది. కెల్లర్‌మాన్ కూడా మిగతా అనుమానాలన్నీ తీరాకే అటు చూశాడు. రెండు బుల్లి ప్రోగ్రాములు రాశాడు. మొదటిది ఒక ఫైలులో అదేపనిగా ‘ఏ’ అక్షరాలు రాస్తుంటుంది. రెండోది ఆ ఫైలును చదివి ఒక పైపులోకి పంపి, వెనకాలే అదే పైపులోకి ‘బీ’ అక్షరాలు రాస్తుంది. ఫైలులోకి రాయమని రెండోదానిలో ఒక్క ఆజ్ఞ కూడా లేదు. నడిపించి చూస్తే ఫైలులో ‘బీ’లు ప్రత్యక్షమయ్యాయి. అప్పటికి తేదీ 2022 ఫిబ్రవరి 19.

ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే కెర్నెల్ పనితీరులో మూడు సంగతులు చూడాలి.

కంప్యూటర్‌లో మామూలు ప్రోగ్రాములేవీ డిస్కునుగానీ, తమది కాని మెమరీనిగానీ తిన్నగా ముట్టుకోలేవు. ప్రాసెసరే వాటిని అడ్డుకుంటుంది. ఏది కావాలన్నా కెర్నెల్‌ను అడగాలి. అడిగినవారెవరు, వారికి ఆ హక్కుందా అని చూసి కెర్నెల్ ఆ పని చేసిపెడుతుంది. పూర్తి హక్కులున్న ఖాతాను ‘రూట్’ అంటారు. ఇక కెర్నెల్ తనకు తాను ఏ హక్కుల పరీక్షా పెట్టుకోదు. కాబట్టి దాని లోపల దొర్లిన చిన్న పొరపాటుకు పైన అడ్డుపడే దిక్కుండదు.

రెండోది పేజ్ క్యాష్. డిస్కు నుంచి చదివిన ఫైళ్లను కెర్నెల్ మెమరీలో 4,096 బైట్ల పేజీలుగా అట్టిపెట్టుకుంటుంది. పదిమంది ఒకే ఫైలు చదివితే పదిమందికీ చూపేది అదే పేజీ. ఆ పేజీ మారితే అందరికీ ఫైలు మారినట్టే.

మూడోది పైపు. ఒక ప్రోగ్రాము చెప్పేది ఇంకో ప్రోగ్రాముకు చేరవేసే మార్గమిది. లోపల మామూలుగా 16 అరలు వలయంగా ఉంటాయి. ఒక్కో అర ఒక్కో పేజీని చూపిస్తుంది. పేజీలో సగమే నిండి, వెనకాల ఇంకొంచెం దత్తాంశం వస్తే కొత్త పేజీ ఎందుకని అందులోనే చేర్చేస్తారు. అలా చేర్చవచ్చో లేదో చెప్పే గుర్తు, అంటే ఒక ఫ్లాగ్, అర మీదే ఉంటుంది.

ఇక్కడ ‘స్ప్లైస్’ అనే సౌకర్యం వచ్చి కలుస్తుంది. ఫైలులోని సరుకును పైపులోకి పంపాలంటే నకలు తీయడం వృథా కదా? అందుకని పేజ్ క్యాష్‌లోని అసలు పేజీనే పైపు అర చూపించేలా చేస్తారు. చాలా తెలివైన పొదుపు. ఒక్క షరతు మాత్రం తప్పకూడదు. అలాంటి అరలో ఎవరూ ఏమీ చేర్చకూడదు. చేర్చితే అది పైపులోకి కాదు, సాక్షాత్తూ ఫైలులోకే పోతుంది.

స్ప్లైస్ చేసేటప్పుడు కెర్నెల్ అరను కొత్తగా నింపుతుంది. ఏ పేజీ, ఎక్కడ మొదలు, ఎంత పొడవు, ఇవన్నీ రాస్తుంది. ఫ్లాగ్‌ను మాత్రం తుడవడం మరిచిపోయింది. వంటింట్లో డబ్బా ఖాళీ చేసి కొత్త సరుకు పోశాక కూడా పాత చీటీ అలాగే అంటుకుని ఉంటుందే, సరిగ్గా అదే జరిగింది. లోగడ ఆ అర గుండా మామూలు దత్తాంశం వెళ్లి ఉంటే ‘ఇందులో ఇంకా చేర్చవచ్చు’ అన్న గుర్తు దాని మీదే మిగిలిపోయేది.

ఈ తప్పు ఎవరిది? విచారణకు కూర్చుంటే తేలేది కాదు. స్ప్లైస్ 2006లో వచ్చింది, సక్రమంగానే ఉంది. 2016లో వెలువడిన 4.9 కెర్నెల్‌లో అర నింపే రెండు ఫంక్షన్లు కొత్తగా చేరాయి. ఫ్లాగ్ తుడవకపోవడం వాటిలోనే జరిగింది. కానీ అప్పట్లో ఫ్లాగ్‌లకు పెద్ద ప్రాముఖ్యం లేదు. చేర్చవచ్చా లేదా అన్నది వేరేచోట చూసేవారు. తుడవకపోయినా నష్టమేమీ కలగలేదు. 2020లో 5.8 కెర్నెల్ సిద్ధమవుతుండగా పైపు కోడ్‌ను సులువు చేసే సంస్కరణ జరిగింది. అందులో భాగంగా ఆ సంగతిని ఫ్లాగ్‌గా మార్చారు. ఆ మార్పు దానికదే సవ్యమైనదే. నాలుగేళ్లుగా నిద్రపోతున్న మరుపు మాత్రం ఆనాటి నుంచి ప్రాణాంతకమైంది. దాదాపు మూడు కోట్ల లైన్ల కోడ్‌లో, నాలుగేళ్ల తేడాతో, వేర్వేరు చోట్ల జరిగిన రెండు మార్పులను పక్కపక్కన పెట్టి చూసే కన్ను ఎవరికుంటుంది? భద్రతా లోపమనగానే ఎవరో చేతకాని ప్రోగ్రామర్ నిర్వాకమని అనుకునేవారు ఈ వరస ఒకసారి చూడాలి.

ఫైలు పాడవడం ఒక ఎత్తు. దాన్ని ఆయుధంగా మలచడం ఇంకో ఎత్తు. కెల్లర్‌మాన్ ఆ దిశగా ఆలోచించగానే అదెంత సులువో తెలిసి ఉలిక్కిపడి ఉంటాడు. కొత్త పైపు ఒకటి తెరవాలి. దాన్ని నింపాలి, అరలన్నిటి మీదా గుర్తు పడుతుంది. ఖాళీ చేయాలి, గుర్తులు మిగిలిపోతాయి. మార్చదలచిన ఫైలు నుంచి ఒక్క బైటు స్ప్లైస్ చేయాలి. ఆపైన పైపులోకి రాసిందల్లా ఆ ఫైలులోకే పోతుంది. కొన్ని పరిమితులు లేకపోలేదు. ఫైలును చదివే హక్కుండాలి. పేజీలో మొట్టమొదటి బైటును మార్చలేరు. ఒక దెబ్బకు పేజీ హద్దు దాటలేరు. ఫైలును పొడిగించలేరు. కానీ ఇవేవీ దుండగుడిని ఆపేంతటివి కావు.

లినక్స్‌లో ఖాతాల జాబితా ఉండే ఫైలును ఎవరైనా చదవవచ్చు. రూట్ ఖాతా వరసలో పాస్‌వర్డ్ వేరేచోట ఉందని చెప్పే గుర్తును చెరిపి, తాను ఎంచుకున్న పాస్‌వర్డ్ పెట్టేస్తే యంత్రమంతా చేతిలోకి వచ్చినట్టే. ఎవరు నడిపినా రూట్ హక్కులతో నడిచే ప్రోగ్రాములు కొన్నుంటాయి. వాటి పేజీల్లో తన కోడ్ దూర్చడం ఇంకో దారి. ‘మార్చరాదు’ అని ముద్రవేసిన ఫైళ్లు, చదవడానికి మాత్రమే తగిలించిన డిస్కులు, చివరికి సీడీ మీది ఫైళ్లు కూడా ఈ లొసుగు ముందు ఒకటే. ఎందుకంటే మారేది డిస్కు కాదు, మెమరీలోని పేజీ. పైగా ఈ దొడ్డిదారిన మారిన పేజీని ‘డిస్కుకు రాయాల్సినవి’ అన్న జాబితాలో కెర్నెల్ చేర్చదు. వేరే కారణంతో ఆ పేజీ అందులో ఉంటే తప్ప మార్పు డిస్కుకు ఎక్కదు. యంత్రాన్ని రీబూట్ చేస్తే ఆనవాలే మిగలదు. నేరం జరిగిన చోటు తనంతట తనే శుభ్రపడుతుందంటే దర్యాప్తు చేసేవారి అవస్థ ఊహించుకోవచ్చు.

డర్టీ పైప్ అన్న పేరు దానికి అన్నలాంటి ఇంకో లొసుగును తలచుకుని పెట్టింది. అది 2016 అక్టోబర్‌లో బయటపడిన ‘డర్టీ కౌ’. ‘కౌ’ అంటే ఆవు కాదు, ‘కాపీ ఆన్ రైట్’ అన్న మూడు మాటల కుదింపు. ఒక ఫైలు పేజీని ఎవరైనా సొంతానికి మార్చుకోబోతే, కెర్నెల్ అప్పటికప్పుడు నకలు తీసి ఇచ్చి అసలును కాపాడుతుంది. దాడిచేసేవాడు రెండు పనులు ఒకేసారి అదేపనిగా చేయిస్తాడు. ఒకటి పేజీలో రాయడం, రెండోది నకలును పారేయమనడం. నకలు తీయడం అయింది, ఇక రాసే హక్కు సంగతి చూడనక్కర్లేదు అని కెర్నెల్ నిశ్చయించుకున్న క్షణానికీ, నిజంగా రాసే క్షణానికీ నడుమ నకలు మాయమైతే? రాత వెళ్లి అసలు మీద పడుతుంది. లక్షసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి కుదిరినా చాలు.

2007 నాటి 2.6.22 కెర్నెల్ నుంచి తొమ్మిదేళ్లు ఆ లొసుగు ఉండిపోయింది. దాన్ని కనిపెట్టింది కోడ్ చదివినవారు కాదు. ఫిల్ ఓస్టర్ అనే నిపుణుడు తన సర్వర్‌కు వచ్చే నెట్‌వర్క్ రాకపోకలను నమోదు చేసి ఉంచాడు. ఎవరో దాడికి వాడిన ప్రోగ్రాము ఆ నమోదుల్లో చిక్కింది. అంటే దొంగలకు ముందే తెలుసు.

దాన్ని సరిచేస్తూ లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ రాసిన వివరణలో విశేషం ఉంది. ఇదే తప్పును పదకొండేళ్ల కిందట తానే ఒకసారి సరిదిద్దబోయానని, ఆ సవరణ కూడా సరిగా లేదని ఒప్పుకున్నాడు. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద అది ఇబ్బంది పెట్టడంతో వెనక్కి తీసుకున్నారు. అప్పట్లో రెండు పనుల మధ్య ఇలాంటి పోటీ నిజంగా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. యంత్రాలు, కెర్నెల్ పెరిగేకొద్దీ కాగితం మీది ప్రమాదం చేతికందే ప్రమాదమైంది. కథ అంతటితో ఆగలేదు. 2016 ప్యాచ్‌లో కూడా ఒక సందు మిగిలింది. పెద్దసైజు పేజీల విషయంలో అది పనిచేయదని 2017 నవంబర్‌లో బైన్‌డెసీ అనే ఇజ్రాయెల్ కంపెనీ చూపించింది. ప్యాచ్‌కు ప్యాచ్ వేయాల్సి వచ్చింది.

డర్టీ పైప్ ప్యాచ్ అలా కాదు. రెండు ఫంక్షన్లలో ఒక్కో లైను, ఫ్లాగ్‌ను సున్నా చేయమని. అంతే. ఫిబ్రవరి 20న కెల్లర్‌మాన్ వివరాలు, దాడి నమూనా, సవరణ మూడూ కెర్నెల్ భద్రతా బృందానికి పంపాడు. మర్నాడు గూగుల్ పిక్సెల్ 6 ఫోన్ మీద కూడా అది పనిచేస్తుందని తేలి, ఆండ్రాయిడ్ వాళ్లకు కబురు చేశాడు. 23వ తేదీకల్లా 5.16.11, 5.15.25, 5.10.102 కెర్నెళ్లు సవరణతో విడుదలయ్యాయి. మూడు రోజులు! ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ ఫైలు ఇంత వేగంగా కదలదు.

ఇక్కడే అసలు పితలాటకం. లినక్స్ కోడ్ అందరి కళ్ల ముందూ ఉంటుంది, సవరణలూ అంతే. ‘ఇదిగో ఇక్కడ కన్నం ఉంది, పూడ్చండి’ అని రాస్తే పూడ్చేవారికంటే ముందు దూరేవారు చదువుతారు. ఏమీ రాయకపోతే దాని అవసరం లినక్స్‌ను జనానికి చేర్చే పంపిణీదారులకు తెలియదు. కెర్నెల్ పెద్దల సలహా మీద కెల్లర్‌మాన్ మధ్యేమార్గం తొక్కాడు. 21వ తేదీన సవరణను బహిరంగంగానే పంపాడు, కానీ భద్రత ఊసెత్తలేదు. కొత్త అరలో ఫ్లాగ్‌కు తొలి విలువ ఇస్తున్నామన్న పొడి శీర్షికతో, మామూలు శుభ్రతా కార్యక్రమంలా. ఉబుంటు, రెడ్‌హ్యాట్ వంటి పంపిణీదారుల భద్రతా విభాగాలకు అసలు సంగతి 28న చెప్పాడు. లోకానికి చెప్పింది మార్చి 7న. అంటే రెండు వారాలపాటు తాళంచెవి నడివీధిలోనే పడి ఉంది. అది ఏ తాళానిదో మాత్రం కొద్దిమందికే తెలుసు. విడుదలైన ప్రతి ప్యాచ్‌నూ పాత కోడ్‌తో పోల్చి, ఇది దేన్ని పూడ్చడానికి వచ్చిందా అని వెతకడమే వృత్తిగా పెట్టుకున్నవారున్నారు. ఆ రెండు వారాల మౌనం వారి విషయంలో ఏపాటి రక్షణ ఇస్తుందన్నది అనుమానమే. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా ఏప్రిల్ 25న డర్టీ పైప్‌ను ‘దాడుల్లో వాడుతున్న లొసుగుల’ జాబితాలో చేర్చింది.

కోడ్ బాగుపడిన రోజుకూ, యంత్రం బాగుపడిన రోజుకూ ఉన్న దూరం మాత్రం రోజుల్లో లెక్కపెట్టేది కాదు. గూగుల్ ఆండ్రాయిడ్ కెర్నెల్‌లో సవరణ ఫిబ్రవరి 24నే కలిసింది. ఆండ్రాయిడ్ భద్రతా నివేదికలో అది కనిపించింది మే నెలలో. గూగుల్ ఇచ్చాక చిప్ తయారీదారు, ఫోన్ కంపెనీ, కొన్ని దేశాల్లో మొబైల్ నెట్‌వర్క్ కూడా పరీక్షించి పంపాలి. ఈసారి ఒక విచిత్రం కూడా జరిగింది. లొసుగు 5.8 నుంచే కాబట్టి అంతకంటే పాత కెర్నెళ్లతో నడిచే కోట్లాది ఫోన్లకు దీని బెడద లేదు. కొత్తగా కొన్న పిక్సెల్ 6, గెలాక్సీ ఎస్22 వంటి ఖరీదైన ఫోన్లే చిక్కుకున్నాయి. పాతదే మేలని మురిసిపోతే మళ్లీ డర్టీ కౌ గుర్తుచేసుకోవాలి. దానికి ఆండ్రాయిడ్ ప్యాచ్ 2016 డిసెంబర్‌కే వచ్చింది. 2017 సెప్టెంబర్‌లో ‘జెడ్‌ఎన్‌ఐయూ’ అనే మాల్‌వేర్ అదే లొసుగుతో ఫోన్లలో దూరుతోందని ట్రెండ్ మైక్రో కంపెనీ బయటపెట్టింది. 40కి పైగా దేశాల్లో, 5,000 మందికి పైగా బాధితులు. ఎక్కువమంది చైనాలో, మన దేశంలో. ప్యాచ్ పుట్టి తొమ్మిది నెలలు దాటినా అది చేరని ఫోన్లవి.

సర్వర్లకు ఇంకో ఇబ్బంది. కొత్త కెర్నెల్ ఎక్కించాలంటే యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. బ్యాంకు సర్వరో, ఆసుపత్రి సర్వరో అయితే అందుకు ముహూర్తం చూడాలి. ఆ తిప్పలు తప్పించడానికి పుట్టిందే లైవ్ ప్యాచింగ్. 2008లో ఎంఐటీ విద్యార్థుల చేతుల్లో ‘కెస్‌ప్లైస్’గా రూపుదిద్దుకుంది, తర్వాత ఒరాకిల్ దాన్ని కొనేసింది. రెడ్‌హ్యాట్, సూసే కంపెనీలు 2014లో సొంత పద్ధతులు తెచ్చాయి. రెండింటికీ ఉమ్మడిగా పనికొచ్చే పునాది 2015లో 4.0 కెర్నెల్‌లోనే చేరింది. పనితీరు వింటే సరళంగానే ఉంటుంది. తప్పున్న ఫంక్షన్ మొదట్లో ఒక మళ్లింపు పెడతారు. దాన్ని పిలిచినవారంతా సవరించిన ఫంక్షన్‌లోకి వెళ్తారు. పాత ఫంక్షన్ సగంలో ఉన్న పనులు అది ముగించుకుని బయటపడేదాకా ఆగి, ఒక్కో పనినీ కొత్త దారికి మళ్లిస్తారు. రెండే లైన్లు చేర్చే డర్టీ పైప్ వంటి సవరణకు ఇది చక్కగా ఒదుగుతుంది. మెమరీలో దత్తాంశం అమరికే మార్చాల్సి వస్తే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. అప్పుడిక రీబూట్ తప్పదు.

కెర్నెల్ రచయితలు ఆ రెండు లైన్లతో ఊరుకోలేదు. పైపుల్లోకి ఫైళ్లు పంపే యంత్రాంగాన్ని డేవిడ్ హావెల్స్ తిరగరాశాడు. 2016లో చేరి, ఫ్లాగ్ తుడవడం మరిచిన ఆ కోడ్ భాగం మొత్తాన్నీ 2023 ఆగస్టులో విడుదలైన 6.5 కెర్నెల్ నుంచి తీసేశారు. దీర్ఘకాలం మద్దతిచ్చే 5.10, 5.15 వరసల్లో మాత్రం ఆ కోడూ, కెల్లర్‌మాన్ చేర్చిన రెండు లైన్లూ కొనసాగాయి.